ఎంతమందిని చంపాడని కాదు, ఎవరికి అడ్డం నిలబడ్డాడని

జూలై 26 వస్తే చాలు ఫోన్ నిండా కార్గిల్ పోస్టులు. రావాల్సిందే, ఆ పేర్లు ఏడాదికోసారైనా అందరి నోళ్ళలో నానాల్సిందే, నేనూ షేర్ చేస్తా. కానీ ఆ పోస్టులు చదువుతుంటే ఒకటి గుచ్చుకుంటుంది నాకు. దాదాపు ప్రతిదాంట్లో ఒక లెక్క. ఒక్కడే ఇంతమందిని లేపేశాడు, ఇన్ని బంకర్లు పేల్చేశాడు, కింద కామెంట్లలో మంటల ఎమోజీలు. క్రికెట్ స్కోర్ చెప్పినట్టు చెప్తారు. యుద్ధంలో శత్రువుని చంపడం సైనికుడి డ్యూటీయే, దాన్ని తక్కువ చేయట్లేదు, ఆ పని ఎవరో ఒకరు చేయబట్టే మనం ఇక్కడ కూర్చుని పోస్టులు పెట్టుకుంటున్నాం. కానీ ఆ లెక్క చూసి హీరో ఎవరో తేల్చేయడం మాత్రం నా వల్ల కాదు.

మా పెదనాన్న ఆర్మీలో చేసి రిటైరయ్యారు. ఊళ్ళో ఎవరైనా "ఎంతమందిని కాల్చావేంటి" అని అడిగితే మాట్లాడకుండా లేచి వెళ్ళిపోయేవారు. అదే మేం పిల్లలం "పెదనాన్నా, మీతో చేసినవాళ్ళలో అందరికన్నా ధైర్యం ఎవరికి?" అని అడిగితే మాత్రం గంట సేపు చెప్పేవారు, మంచు పడి దారి మూసుకుపోయిన పోస్టుకి వీపు మీద రేషన్ మోసుకెళ్ళినవాడి గురించి, జ్వరంతో పడున్న కుర్రాడి డ్యూటీ కూడా తనే మీదేసుకుని రాత్రంతా నిలబడ్డ ఒక నాయక్ గురించి. కాల్పుల సంగతి వాటిల్లో ఎక్కడా వచ్చేది కాదు. చిన్నప్పుడు అవి వినడానికి చప్పగా ఉండేవి, కానీ ఇప్పుడు యుద్ధాల గురించి ఏం చదివినా మొదట వెతికేది అలాంటివాళ్ళనే.

మన హైదరాబాద్ మేజర్ పద్మపాణి ఆచార్యనే తీసుకోండి. ఒడిశా మూలాలున్న కుటుంబం, హైదరాబాద్‌లో స్థిరపడ్డారు. రాజ్‌పుతానా రైఫిల్స్ రెండో బెటాలియన్, 1999 జూన్ 28, ద్రాస్ వైపు లోన్ హిల్ మీద దాడి. బుల్లెట్లు తగిలి కదల్లేని స్థితిలో ఉండి కూడా తన వాళ్ళతో నన్ను వదిలేసి ముందుకెళ్ళండి అని చెప్పి, వాళ్ళు వెళ్తుంటే తను పడున్న చోటి నుంచే కాలుస్తూ ఉన్నాడు. అక్కడే ప్రాణం పోయింది. చనిపోయాక మహావీర చక్ర ఇచ్చారు. దానికి కొద్ది రోజుల ముందు నాన్నకి రాసిన ఉత్తరంలో, గర్భంతో ఉన్న తన భార్యకి రోజుకో మహాభారతం కథ చెప్పమని, అలా చేస్తే పుట్టబోయే బిడ్డకి మంచి విలువలు వస్తాయని రాశాడు. యుద్ధంలో ఉన్న మనిషి, తను చూస్తాడో లేదో తెలియని బిడ్డ గురించి ఇంత నిదానంగా ఆలోచించడం... ఈ ఉత్తరం గురించి ఎన్నిసార్లు చదివినా గొంతు పట్టేస్తుంది నాకు.

సరిగ్గా ఆ మాటే, నన్ను వదిలేయండి అనే మాట, దానికి 37 ఏళ్ళ ముందు ఇంకో కొండ మీద ఇంకో మేజర్ అన్నాడు. 1962 నవంబర్ 18, చైనాతో యుద్ధం, లడఖ్‌లో చుషుల్ దగ్గర రెజాంగ్ లా. కుమావూన్ రెజిమెంట్ 13వ బెటాలియన్ చార్లీ కంపెనీ, సుమారు 120 మంది, ఎక్కువమంది హర్యానా వైపు అహీర్ కుర్రాళ్ళు. 16 వేల అడుగుల పైన ఎత్తు, చేతిలో పాతకాలం రైఫిళ్ళు, మధ్యలో కొండ అడ్డం ఉండటంతో మన ఫిరంగులు వాళ్ళకి సాయం చేయలేని పరిస్థితి. 110 మందికి పైగా అక్కడే చనిపోయారు. మేజర్ షైతాన్ సింగ్‌కి గాయాలైతే జవాన్లు మోసుకెళ్ళబోయారు, ఆయన వద్దన్నాడు, నన్ను ఇక్కడ దించేసి మీరు వెళ్ళండి అన్నాడు. బతికి బయటపడ్డ కొద్దిమంది వచ్చి జరిగింది చెప్తే చాలామంది నమ్మలేదు. చనిపోయినవాళ్ళు మూడు నెలలు మంచు కింద అలానే ఉండిపోయారు. 1963 ఫిబ్రవరిలో ఒక గొర్రెల కాపరి చూసి చెప్తే వెళ్ళారు, ఎక్కడివాళ్ళు అక్కడే, చేతుల్లో ఆయుధాలు అలాగే ఉన్నాయి. మోర్టార్ బాంబులు వెయ్యి ఉంటే ఏడే మిగిలాయట.

వాళ్ళందరిలో నన్ను అస్సలు వదలని మనిషి మాత్రం మెడికల్ ఆర్డర్లీ, ధరమ్‌పాల్ దహియా. అతని చేతిలో దొరికింది సిరంజీ, బ్యాండేజీ. అంటే చుట్టూ అంతా అయిపోతోందని తెలిసి, తుపాకీ తీసుకుందామని గానీ పరిగెత్తుదామని గానీ అనుకోకుండా, పక్కన గాయపడ్డవాడికి కట్టు కడుతూ ఉండగా చనిపోయాడు. వీర చక్ర ఇచ్చారు అతనికి. ఇప్పుడు స్కోర్ లెక్కేసే పద్ధతిలో అయితే ఇతని స్కోర్ సున్నా. మరి అక్కడ అతనికన్నా హీరో ఎవరో చూపించండి, నాకైతే కనబడట్లేదు.

సరే, ఇవన్నీ మనవాళ్ళ కథలు, వీళ్ళు హీరోలంటే కాదనేవాళ్ళు ఎవరూ ఉండరు. నేను అసలు చెప్పాలనుకున్నది మాత్రం ఒక అమెరికా సైనికుడి గురించి, ఎందుకంటే వీళ్ళందరూ శత్రువుకి అడ్డం నిలబడ్డారు, అతను తన సొంత సైన్యానికే అడ్డం నిలబడ్డాడు. పేరు హ్యూ థాంప్సన్. జార్జియా రాష్ట్రం, హెలికాప్టర్ పైలట్, వారెంట్ ఆఫీసర్, వయసు 24. అతనితో ఇంకో ఇద్దరు, క్రూ చీఫ్ గ్లెన్ ఆండ్రియొట్టా, డోర్ గన్నర్ లారీ కోల్‌బర్న్. ఆండ్రియొట్టాకి 20, కోల్‌బర్న్‌కి 18. మన దగ్గర డిగ్రీ చదివే పిల్లల వయసు.

1968 మార్చి 16, వియత్నాం, క్వాంగ్ న్గాయ్ ప్రాంతంలో సోన్ మై అనే ఊరు, అందులో ఒక పల్లె మై లాయ్. అక్కడ వియత్‌కాంగ్, అంటే అమెరికాతో పోరాడుతున్న గెరిల్లాల బెటాలియన్ ఒకటి దాక్కుని ఉందని సమాచారం. పొద్దున ఏడున్నరకి అమెరికా సైన్యంలో చార్లీ కంపెనీ అనేదే ఒకటి అక్కడ దిగింది. ఈ కంపెనీ వాళ్ళు అప్పటికే మందుపాతరలకి, బూబీ ట్రాప్‌లకి తోటివాళ్ళని పోగొట్టుకుని ఉన్నారు, రెండ్రోజుల ముందే ఒక సార్జెంట్ చనిపోయాడు, కసి మీద ఉన్నారు. ఇది కూడా చెప్పాలి కాబట్టి చెప్తున్నా, వాళ్ళు చేసినదానికి సమర్థన అని కాదు. ఊళ్ళో చూస్తే శత్రువు లేడు. ఎదురు కాల్పులు లేవు. ఉన్నదల్లా పొద్దున్నే పొయ్యి దగ్గర ఉన్న ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పిల్లలు. వాళ్ళనే చంపడం మొదలుపెట్టారు, గంటల తరబడి. అమెరికా లెక్క ప్రకారం 347 మంది, వియత్నాం వాళ్ళ లెక్క ప్రకారం 504 మంది.

థాంప్సన్ పని ఏంటంటే చిన్న హెలికాప్టర్‌లో కిందకి ఎగురుతూ శత్రువు ఎక్కడున్నాడో కనిపెట్టడం. పై నుంచి చూస్తే శత్రువు కనిపించట్లేదు, శవాలు కనిపిస్తున్నాయి. మొదట ఫిరంగి దెబ్బకి పోయారేమో అనుకున్నారు. గాయపడ్డవాళ్ళు కనబడితే, కింద ఉన్న మెడికల్ వాళ్ళు వచ్చి చూస్తారని ఆకుపచ్చ పొగ వేసి గుర్తు పెట్టారు. ఒక చుట్టు తిరిగి వచ్చి చూస్తే గుర్తు పెట్టిన వాళ్ళందరూ చచ్చిపోయి ఉన్నారు. సాయం కోసం పెట్టిన గుర్తు అది! తర్వాత వీళ్ళ కళ్ళ ముందే ఒక కెప్టెన్ పడి ఉన్న అమ్మాయి దగ్గరకొచ్చి, కాలితో కదిపి, వెనక్కి జరిగి కాల్చేశాడు. అప్పుడు అర్థమైంది ముగ్గురికీ కింద ఏం జరుగుతోందో.

అక్కడో పంట కాలువ ఉంది, దాని నిండా మనుషులు, కొంతమంది ఇంకా కదులుతున్నారు. థాంప్సన్ దిగి, వీళ్ళకి సాయం చేయండి అని అక్కడున్న సార్జెంట్‌ని అడిగితే, వీళ్ళకి చేయగలిగిన సాయం బాధ లేకుండా చేయడమే అన్నట్టు జవాబు వచ్చింది. తర్వాత లెఫ్టినెంట్ విలియం కాలీ వచ్చాడు. ఏంటిదంతా, వీళ్ళు ఆయుధాలు లేని మామూలు జనం కదా అని థాంప్సన్ అడిగాడు. ఇక్కడ నేను ఇంచార్జి, ఆర్డర్ల ప్రకారం చేస్తున్నా, నీకు సంబంధం లేదు అన్నాడు కాలీ. ర్యాంకులో కాలీ పైన. థాంప్సన్ వెనక్కొచ్చి హెలికాప్టర్ లేపగానే కాలువ దగ్గర మళ్ళీ కాల్పులు.

ఇక్కడిదాకా చేసినా చాలామందికన్నా ఎక్కువే చేసినట్టు. అడిగాడు, రేడియోలో అరిచాడు, ఇంక నా చేతిలో ఏముంది అని బేస్‌కి వెళ్ళిపోయినా ఎవరూ తప్పు పట్టరు. వెళ్ళలేదు. ఇంకో వైపు మట్టి బంకర్ ఒకటి కనబడింది, అందులో ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు పది మంది దాకా దాక్కుని ఉన్నారు, వాళ్ళ వైపు అమెరికా సైనికులు నడుస్తున్నారు. థాంప్సన్ హెలికాప్టర్‌ని తీసుకెళ్ళి సరిగ్గా ఆ రెండు గుంపుల మధ్యలో దించాడు. దిగి ఆ సైనికుల ఆఫీసర్‌తో, బంకర్‌లో వాళ్ళని బయటికి తీసుకురావడానికి సాయం చేయమంటే, గ్రెనేడ్ వేస్తే వస్తారు అన్నట్టు చెప్పాడు ఆ ఆఫీసర్. మీ వాళ్ళని ఇక్కడే ఆపు, నేను తీసుకొస్తా అన్నాడు థాంప్సన్. అని తన ఇద్దరు కుర్రాళ్ళ వైపు తిరిగి చెప్పాడు, వీళ్ళు గనక ఆ జనం మీద కానీ నా మీద కానీ కాల్పులు మొదలుపెడితే, మీరు వీళ్ళని కాల్చేయండి అని.

వీళ్ళని అంటే తన సైన్యాన్ని. అదే యూనిఫాం, అదే జెండా. 18 ఏళ్ళ కోల్‌బర్న్ మెషీన్ గన్ పట్టుకుని సొంత వాళ్ళకి ఎదురుగా నిలబడ్డాడు.

థాంప్సన్ చేతిలో తుపాకీ కూడా ఎత్తకుండా బంకర్ దగ్గరకి నడిచి, ఒక్కొక్కరిని సైగలతో బయటకి రప్పించాడు. వాళ్ళని ఎక్కించుకోడానికి తన హెలికాప్టర్ సరిపోదు. పైన తిరుగుతున్న గన్‌షిప్ పైలట్లని రేడియోలో బతిమాలి దింపించాడు. దాడులకి వాడే హెలికాప్టర్‌ని అలా నేల మీద దించి ఊరివాళ్ళని ఎక్కించుకోవడం ఎక్కడా లేని పని. వాళ్ళూ దిగారు, దిగి రెండు ట్రిప్పుల్లో అందరినీ తీసుకెళ్ళారు, వాళ్ళకీ దండం పెట్టాలి. వీళ్ళు తిరిగి వెళ్తూ కాలువ మీదుగా పోతుంటే ఆండ్రియొట్టాకి ఏదో కదిలినట్టు కనబడింది. దించమన్నాడు. ఆ కాలువలోకి దిగి, శవాల మధ్యలోంచి నడుచుకుంటూ వెళ్ళి, ఒక చిన్న పిల్లాడిని పైకి తీసుకొచ్చాడు, ఒళ్ళంతా రక్తం, కానీ బతికే ఉన్నాడు. క్వాంగ్ న్గాయ్ హాస్పిటల్‌లో దించి బేస్‌కి వెళ్ళి థాంప్సన్ పై ఆఫీసర్ల దగ్గర గొడవ గొడవ చేశాడు. ఆ తర్వాతే కాల్పులు ఆపమని కిందకి ఆర్డర్ వెళ్ళింది.

ఇప్పుడు నేను మొదట్లో చెప్పిన లెక్కల సంగతి. ఆ రోజు సైన్యం అధికారికంగా ఇచ్చిన లెక్క ఏంటో తెలుసా, 128 మంది శత్రువులు హతం. దొరికిన ఆయుధాలు మూడు. 128 మంది చనిపోతే మూడు తుపాకులేంటని పైనున్న ఎవరికీ అనుమానం రాలేదు, పైగా మంచి పని చేశారని అభినందనలు కూడా అందాయి. అప్పుడు గనక వాట్సాప్ ఉండుంటే ఆ 128 నంబర్‌తో ఎన్ని పోస్టులు తిరిగేవో, ఎన్ని మంటల ఎమోజీలు పడేవో ఊహించుకోండి. అందుకే నాకు ఆ లెక్కలంటే భయం.

థాంప్సన్‌కి మెడల్ ఇచ్చారు, డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్. కానీ మెడల్‌తో ఇచ్చే ప్రశంసా పత్రంలో ఏం రాశారంటే భీకరమైన ఎదురుకాల్పుల మధ్య చిక్కుకున్న పిల్లాడిని కాపాడినందుకు అని. ఎదురుకాల్పులెక్కడివి అక్కడ! నోరు మూయించడానికి ఇచ్చింది అని అర్థమై అతను దాన్ని పారేశాడు. ఆండ్రియొట్టా అయితే మూడు వారాలకే, ఏప్రిల్ 8న, ఇంకో చోట యుద్ధంలో చనిపోయాడు.

విషయం బయటపడటానికి ఏడాదిన్నర పైన పట్టింది. రాన్ రైడెన్‌హవర్ అనే సైనికుడు తోటివాళ్ళ నుంచి విన్నదంతా 1969 మార్చిలో అమెరికా కాంగ్రెస్, అంటే వాళ్ళ పార్లమెంట్ సభ్యులకి ఉత్తరాలు రాశాడు, నవంబర్‌లో సీమోర్ హెర్ష్ అనే జర్నలిస్ట్ వార్త వేశాడు, ఆర్మీ ఫోటోగ్రాఫర్ తీసిన ఫోటోలు బయటికొచ్చాయి. అప్పుడు థాంప్సన్‌ని పిలిచారు, ఉన్నదున్నట్టు చెప్పాడు. జనం పూలదండ వేశారా? ప్రతినిధుల సభలో సైనిక వ్యవహారాల కమిటీ ఛైర్మన్ మెండెల్ రివర్స్, ఈ కేసులో శిక్ష పడాల్సింది ఎవరికన్నా ఉందంటే సొంత సైనికుల మీద తుపాకీ ఎక్కుపెట్టించిన థాంప్సన్‌కే అన్నాడు. ఆఫీసర్స్ క్లబ్‌కి వెళ్తే అందరూ లేచి బయటికి వెళ్ళిపోయేవాళ్ళు. అర్ధరాత్రి చంపేస్తామని ఫోన్లు. ఇంటి గుమ్మంలో చచ్చిన జంతువుల్ని పడేసేవాళ్ళు. తాగుడు, విడాకులు, పీడకలలు, అన్నీ అనుభవించాడు మనిషి.

ఇంకో పక్క కాలీ. కేసులు పెట్టిన వాళ్ళలో శిక్ష పడింది అతనొక్కడికే, 1971లో, 22 మందిని చంపాడని జీవిత ఖైదు. దేశమంతా కాలీని వదిలేయాలని ఉత్తరాలు, టెలిగ్రాములు పంపారు, అతన్ని హీరో అన్నారు. ప్రెసిడెంట్ నిక్సన్ జైలు నుంచి తీయించి గృహ నిర్బంధంలో పెట్టించాడు, మూడు మూడున్నరేళ్ళకి బయటికొచ్చేశాడు. అంటే ఆ రోజు అమెరికా జనాన్ని ఓటు అడిగితే హీరో కాలీ, ద్రోహి థాంప్సన్. ఇది అమెరికా వాళ్ళని తిట్టడానికి చెప్పట్లేదు. ఏ దేశమైనా అంతే, మన పిల్లలు అక్కడ చచ్చిపోతుంటే మన వాళ్ళ తప్పు ఎత్తి చూపేవాడు ఎవరికీ నచ్చడు, మనకీ నచ్చడు, మన కామెంట్ సెక్షన్లు చూస్తే తెలుస్తుంది.

కొంతమంది అంటారు, సైనికుడంటే ఆర్డర్ పాటించాలి, ప్రశ్నిస్తే సైన్యం నడవదు అని. నిజమే, మామూలుగా నడవదు. కానీ మన ఆర్మీ యాక్ట్, 1950 నాటిది, అందులో కూడా పై ఆఫీసర్ ఆజ్ఞ ధిక్కరిస్తే శిక్ష అని చెప్పే 41వ సెక్షన్ "చట్టబద్ధమైన ఆజ్ఞ" అనే అంటుంది, ఏ ఆజ్ఞ అయినా అని అనదు. పసిపిల్లల్ని కాల్చమనేది ఏ దేశపు చట్టంలోనూ ఆజ్ఞ కాదు. అయితే చట్టం ఉండటం వేరు, తుపాకుల మధ్య నిలబడి రెండు నిమిషాల్లో అది తేల్చుకోవడం వేరు. కొండ మీదకి ఎగబాకే సైనికుడికి చావు భయం ఉంటుంది, కానీ వెనక పల్టన్ మొత్తం ఉంటుంది, చనిపోతే ఊరంతా వచ్చి మోస్తుంది, స్కూల్‌కి పేరు పెడతారు. థాంప్సన్‌కి ఆ రోజు వెనకున్నది ఇద్దరు కుర్రాళ్ళు, బతికి బయటపడితే కోర్ట్ మార్షల్ అయ్యే ఛాన్స్. పద్మపాణి ఆచార్యనో షైతాన్ సింగ్‌నో తగ్గించి ఇతన్ని పెంచట్లేదు, వాళ్ళు ప్రాణమే ఇచ్చేశారు, దానికి మించింది లేదు. నేను చెప్పేది ఏంటంటే వీళ్ళందరినీ ఒకే వరసలో నిలబెట్టాలని, సిరంజీ పట్టుకున్న ధరమ్‌పాల్‌ని కూడా. వీళ్ళలో ఎవరి కథ తీసుకున్నా, ఆ నిమిషంలో తన పక్కనో వెనకో ఒక మనిషి ఉన్నాడు, ఆ మనిషికి రావాల్సిన దెబ్బ తన మీదకి తీసుకున్నారు.

చివరికి 30 ఏళ్ళకి, డేవిడ్ ఈగన్ అనే ప్రొఫెసర్ ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాయగా రాయగా, ఆర్మీ ఒప్పుకుంది. శత్రువుతో పోరాటం కాని సందర్భంలో చూపిన ధైర్యానికి ఇచ్చే సోల్జర్స్ మెడల్, ముగ్గురికీ. చడీచప్పుడు లేకుండా లోపల ఇచ్చేద్దామనుకుంటే థాంప్సన్ కుదరదన్నాడు, నా ఇద్దరికీ కూడా ఇవ్వాలి, అందరి ముందూ ఇవ్వాలి అన్నాడు. 1998 మార్చి 6న వాషింగ్టన్‌లో వియత్నాం స్మారకం దగ్గర ఇచ్చారు, ఆ యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లు చెక్కిన గోడ అది, ఆండ్రియొట్టా పేరూ దాని మీదే ఉంది. తర్వాత థాంప్సన్ ఓపిక ఉన్నన్నాళ్ళూ సైనిక అకాడమీలకి వెళ్ళి కుర్ర ఆఫీసర్లకి ఆ రోజు గురించి చెప్తూ ఉండేవాడు. 2006 జనవరిలో క్యాన్సర్‌తో చనిపోయాడు, 62 ఏళ్ళకి.

మెడల్ వచ్చిన నెలలోనే కోల్‌బర్న్, తను మై లాయ్ వెళ్ళారు. అక్కడ ఆ రోజు బతికి బయటపడ్డ ఒక ఆవిడ థాంప్సన్‌ని అడిగిందట, ఆ పని చేసినవాళ్ళు మీతో ఎందుకు రాలేదు అని. ఏం చెప్పాలో తెలియక నిలబడిపోయాడు. ఆవిడే మళ్ళీ అందట, వస్తే క్షమించేవాళ్ళం కదా అని. ఆ సంగతి చెప్పినప్పుడల్లా థాంప్సన్, క్షమించేంత పెద్ద మనసు నాకు లేదు, ఆవిడకి ఎలా వచ్చిందో నాకు అర్థం కాదు అనేవాడు. ఆ మాటకి కొంతమంది నొచ్చుకున్నట్టున్నారు, అంత గొప్ప మనిషి క్షమించకపోవడమేంటని. నాకైతే అది లోటుగా అనిపించలేదు. కాలువలో ఉన్నవాళ్ళ బంధువులు క్షమిస్తే అది వాళ్ళ హక్కు. థాంప్సన్ ఆ కాలువని కళ్ళారా చూసినవాడు, ఆ రోజు వచ్చిన కోపంతోనే ఆ హెలికాప్టర్ కిందకి దించాడు, ఆ కోపం 30 ఏళ్ళ తర్వాత కూడా అలాగే ఉందంటే నాకు ఆయన మీద గౌరవం ఇంకా పెరిగింది.